మంచిగుంది, పండుండ్రి

మా ఆడబిడ్డ చెప్పే కథలో నేను మ్యూజియంలో బొమ్మను చూసి దయ్యమనుకుని, కేక పెట్టి, చెప్పులు అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాను. మొన్న మెట్‌పల్లిలో చుట్టాలింట్లో పసిపిల్ల తొట్టెల ఫంక్షన్‌కు పోతే, బగారన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ మళ్లీ అదే కథ ఎత్తుకుంది. "మా వదినె నోటికి ఊరంత భయపడ్తది గని, వదినె మాత్రం బొమ్మకు భయపడ్తది" అంటే పంక్తి పంక్తంతా నవ్వింది. చెప్పులు వదిలిన మాట నిజమే. కేక కూడా పెట్టే ఉంటాను. కానీ బొమ్మను చూసి కాదు. ఆ బొమ్మకు ఉన్ని దారంతో మీసాలు అతికించి, పెదవులకు ఎర్రరంగు పూశారు. దానికి భయపడేదాన్నయితే పెండ్లిలో పౌడరు కొట్టుకుని కూర్చున్న మా మరిదికీ భయపడాల్సింది. నేను భయపడ్డది ఒక చప్పుడుకు. అది ఇంతవరకు నన్ను వదల్లేదు కనుక, అసలు సంగతి నేనే చెబుతాను.

మా ఇంట్లో ప్రయాణమంటే గుడి, హోటలు, ఫొటోలు. మధ్యలో మ్యూజియం కనిపిస్తే కారు ఆపమని గొడవపెట్టేది నేనొక్కదాన్నే. "పైసలిచ్చి పాత సామాను సూసుడేందే? గంత శౌకుంటే మా అవ్వోళ్ల అటుక ఎక్కి సూడు" అంటాడు మా ఆయన. "మీ అవ్వోళ్ల అటుక మీది సామాను దేనికి పనికొస్తదో రాసిపెట్టేటోళ్లు ఎవ్వరు లేరు, గదే ఫరక్" అంటాను నేను. నా వాదన ఒకటే. గుడికి పోతే మనం అడగాలనుకున్నదే అడిగి వస్తాం, జలపాతానికి పోతే చూడాలనుకున్నదే చూసి వస్తాం. మ్యూజియంలో మాత్రం మనం అడగనిదేదో గోడకు వేలాడుతూ ఉంటుంది. అది మన ఇంట్లోనే మూలకు పడి ఉన్నా ఏళ్ల తరబడి కంటికి ఆనదు. ఇల్లు వదిలి, వంటా బట్టలూ మరిచి, ఖాళీ కండ్లతో తిరిగేటప్పుడే కనిపిస్తుంది. ఇది మంచికే అని నేను అనడం లేదు. కనిపిస్తుంది అంటున్నాను, అంతే.

ఆ రోజు కరీంనగర్ నుంచి బయలుదేరి, ధర్మపురిలో దర్శనం చేసుకుని, గోదావరి దాటి ఆదిలాబాద్ దిక్కు జలపాతం చూడబోయాం. మా ఆయన, ఆడబిడ్డ, నేను, నన్ను కన్న మా బాపు. బాపు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. లోపల పేలుళ్ల మోత విని విని చెవులు పోయాయి. చెవిలో మిషన్ ఉంటేనే వినిపిస్తుంది, వినబుద్ధి కానప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. వాన పడి జలపాతం దారి మూసేశారు. తిరుగుదారిలో బొగ్గు ఊళ్ల మీదుగా వస్తుంటే రోడ్డు పక్కన చిన్న గని మ్యూజియం కనిపించింది. ఊరి పేరు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు పోయి ఆ బొమ్మతో ఫొటో దిగి మా ఆడబిడ్డకు పంపిస్తారు. నేను కారు ఆపించాను. బాపు మాత్రం దిగలేదు. "నేను సూసిందే గద బిడ్డా. మీరు సూసి రాండ్రి" అన్నాడు.

ముందు గదుల్లో తలదీపాలు, టోపీలు, పాత ఫొటోలు. వెనక వైపు గనిలాగే ఒక సొరంగం కట్టారు. తల వంచుకుని పోవాలి, మసక వెలుతురు, తడి మట్టి వాసన. బాపు డ్యూటీ దిగి వచ్చి విప్పిన బట్టల వాసన అది. చివర మన బొమ్మగారు గని కార్మికుడి వేషంలో నిలబడి ఉన్నారు, చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర. పక్కన గోడకు రెండు బటన్లు. అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది: "లోపట పనికి కూసునే ముంగట గీ కర్రతోని మీది కప్పును కొట్టి సూస్తరమ్మా. గట్టిగుంటె ఒక తీరు మోగుతది, ఊడివడేటట్టుంటె ఇంకో తీరు. ఒత్తి సూడుండ్రి."

మొదటిది ఒత్తాను. టంగుమని మోగింది. "గుడిల గంటోలె ఉంది" అంది ఆడబిడ్డ. రెండోది ఒత్తాను. డొల్ల కుండ మీద కొట్టినట్టు, బొంగురుగా, లోపల గాలి ఉన్నట్టు ఒక చప్పుడు. నా వేళ్లు బటన్ మీదే బిగుసుకుపోయాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. గనిలోకి ఒక్కనాడూ దిగనిదాన్ని, నాకెట్లా తెలుసు?

గనివాళ్లిచ్చిన మా క్వార్టరులో విన్నాను. బాపుకు ఒక అలవాటుండేది. ఏ ఇంట్లో నడుం వాల్చాలన్నా ముందు కర్రతో కప్పును కొట్టి చూసేవాడు. చుట్టాలిండ్లకు పోయినా అంతే. "మీ బాపు మా ఇల్లు కొంటడా ఏంది?" అని మేనత్తలు ఎగతాళి చేసేవారు. కొట్టి, చెవి పెట్టి విని, "మంచిగుంది, పండుండ్రి" అనేవాడు. ఆ మాట వింటేనే మాకు నిద్రొచ్చేది. ఒక వానకాలం, బాపు పొద్దటి డ్యూటీ దిగి వచ్చిన మధ్యాహ్నం, క్వార్టరు గోడలు చెమ్మెక్కి ఉన్నాయి. అవ్వ, అంటే మా అమ్మ, నడిమి అర్రలో మాకు చాప పరిచింది. బాపు కప్పును కొట్టాడు. ఆగాడు. అక్కడే మళ్లీ కొట్టాడు. అప్పుడు విన్నాను ఆ డొల్ల చప్పుడు. బాపు మా చాపను గోడ వారకు గుంజి, తాను అర్ర నడుమ, సరిగ్గా ఆ చోటు కిందే పండుకున్నాడు. "నడుమ పండుకుంటే అందరికి కాళ్లకడ్డం గదనయ్యా" అంది అవ్వ. "గీడ గాలి మంచిగొస్తది" అన్నాడు. ఆ అర్రకు కిటికీ లేదు. తర్వాత, "మంచిగుంది, పండుండ్రి" అన్నాడు. మేం గోడ వార జాగా కోసం గిల్లుకుని, నవ్వుకుని, నిద్రపోయాం. ఆ వానలు వెలిసేదాకా బాపు పక్క అక్కడి నుంచి కదల్లేదు.

సొరంగంలో ఆడబిడ్డ ఆటగా ఆ రెండో బటన్‌నే మళ్లీ మళ్లీ ఒత్తుతోంది. "ఒద్దు, ఆపవే!" అని అరిచాను. మొదటిసారి తలెత్తి పైన కప్పును చూశాను. అది సిమెంటు కప్పేనని తెలుసు. అయినా కాళ్లు బయటి దిక్కే తిరిగాయి. చెప్పులు ఎప్పుడు జారాయో తెలియదు. బయటికి వచ్చి పడ్డాను.

కారు అద్దం దించి బాపు నా వైపే చూస్తున్నాడు. చెవిలో మిషన్ లేదు. ముందే తీశాడో, నేను పరుగెత్తి రావడం చూసి తీశాడో చెప్పలేను. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను: "బాపూ! మన క్వార్టర్ల నడిమి అర్ర కప్పు డొల్లగుండెనా?"

బాపు నా మొహం చూశాడు. తర్వాత నా కాళ్లు చూశాడు. "మంచిగుంది బిడ్డా" అన్నాడు.

వెనకాలే వచ్చిన మా ఆయన, "ఏం మంచిగుంది మామా?" అన్నాడు.

"అంత మంచిగనే ఉంది. చెప్పులేసుకొమ్మను."

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, పడగొట్టి చదును చేశారు. ఎక్కి చూద్దామన్నా కప్పు లేదు. అవ్వ లేదు. బాపు ఇప్పుడు కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటాడు. మధ్యాహ్నం పడుకునే ముందు చేతికర్రతో మా స్లాబును కొడతాడు, మిషన్ లేని చెవితో వింటాడు, మంచిగుంది అంటాడు. చిన్నప్పుడు ఆ మాట విని నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఆ మాట వినను, మంచం ఎటు జరుపుతాడో చూస్తాను. మెట్‌పల్లి నుంచి వచ్చిన మర్నాడు కొట్టి, కాసేపు ఆగి, మంచాన్ని గది నడుమకు గుంజుకున్నాడు. "గాలి కోసం" అన్నాడు. ఈసారి పైన ఫ్యాను నిజంగానే ఉంది. అయినా అదే గదిలో నేల మీద నా దిండును గోడ వారకు జరుపుకుని, కండ్లు మూయకుండా కప్పును చూస్తూ పడుకున్నాను. ఇన్నేండ్లు గడిచి, ఇల్లు కూలి, మనుషులు పోయి, ఆ ఒక్క చప్పుడు మాత్రం నిన్నటిదాని లెక్క మిగిలింది. అడిగితే మిషన్ తీసేస్తాడు. అయినా అడుగుతూనే ఉన్నాను. ఆ వానకాలం పగలు నీకేం వినబడ్డది బాపూ?