దేవదాసు తిన్న పొట్లం

నేను పొద్దున్నే వేసుకునే బీపీ గోళీలో రెండు మందులున్నాయి. ఎందుకు కలిపారని అడిగితే, "విడిగా ఇస్తే ఒకటి వేసుకుని ఒకటి మర్చిపోతారమ్మా" అన్నాడు మా డాక్టరు. అదే గోళీ ఇంకో డాక్టరుకు చూపిస్తే ముఖం చిట్లించాడు. "కలిపేస్తే మీకు ఏ మందు పడలేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. డెబ్బై అయిదేళ్ళ కింద ఇదే తగాదాలో మా తాత దేవదాసు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

మా తాత పిరికివాడు. ప్రేమతోనే అంటున్నాను ఈ మాట. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, మా నాయనమ్మ రాజమణి గొంతు పెంచితే మరీ భయం. జనగామలో ఓ చిన్న దవాఖానలో కాంపౌండరు. పొట్లాలు కట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేదు. కల్వంలో నూరి, తక్కెడలో తూచి కాయితం మడిచాడంటే, పొట్లం విసిరేసినా పొడి రాలేది కాదు. అదొక్కటే ఆయన గర్వం.

అది 1950. దొరల మీద, నైజాం మీద మొదలైన సాయుధ పోరాటం, నైజాం పోయి యూనియన్ మిలిట్రీ వచ్చినా ఆగలేదు. దళాలు గుట్టలు పట్టాయి. ఊళ్ళ బడుల్లో మిలిట్రీ క్యాంపులు దిగాయి. నర్మెట్ట పక్క పల్లెలో యాదమ్మ అనే ఆమె ఉండేది. ఆమె పెనిమిటి లింగయ్య దళంలో ఉన్నాడు. అలాంటివాళ్ళ భార్యలందరినీ పొద్దుగూకే వేళకు క్యాంపు బడిలోకి తోలి, తెల్లారేదాకా అక్కడే పండబెట్టేవాళ్ళు, గుట్ట మీదికి బువ్వ మోయకుండా.

యాదమ్మకు తలపోటు. వారానికొకసారి క్యాంపు జమేదారు చిట్టీ ఇస్తే జనగామ వచ్చేది. డాక్టరు మధుకర్‌రావు చెయ్యికి పట్టీ కట్టి చూస్తే పెట్టెలో పాదరసం రెండు వందలు దాటి పోయేది. ఆయన రెండు పొట్లాలు రాశాడు. గోధుమరంగుది సర్పగంధ వేరు పొడి, నెత్తురు పోటు దించేది. తెల్లది లూమినాల్, నిద్ర పట్టించేది. మరుసటి వారం యాదమ్మ గోధుమరంగువన్నీ తిని, తెల్లవాటిలో ఒక్కటి మాత్రం తిని, మిగతావి తెచ్చి బల్ల మీద పెట్టింది.

డాక్టరుకు కోపమొచ్చింది. "రెండూ కలిపి ఒక్కటే పొట్లం కట్టు దేవదాసు. ఇగ ఎట్ల ఏరుకుంటదో చూస్త."

"కలిపితే తప్పు ఏ మందుదో తెల్వదని పెద్ద డాక్టరు అంటుండె సార్," అని మా తాత గొణిగాడు. ఆ పెద్ద డాక్టరు ఉద్యోగం చాలించి అప్పటికి రెండేళ్ళు.

"ఆయన కాలం వేరు. తినని మందు ఎంత మంచిదైతే ఏం లాభం?"

కాదనడానికి లేదు. తాత కలిపాడు. వారం తిరిగేసరికి యాదమ్మ కళ్ళు ఉబ్బి వచ్చింది. పాదరసం ఇంకా పైకి పోయింది. డాక్టరు లోపలి గదిలోకి పోగానే ఆమె తాత పక్కకు జరిగి మెల్లగా చెప్పింది.

"అన్నా, నేను నిద్రల మాట్లాడుత. చిన్నప్పటి సంది గంతే, గందుకని క్యాంపుల కోడికునుకే తీస్త. ఆ తెల్ల మందు తిన్న నాడు మొద్దునిద్ర పట్టింది. 'గటక దొన కాడ పెట్టిన' అన్ననంట. పక్కన పండుకున్న సుగుణ నా నోరు మూసింది. సిపాయి దగ్గర్నే ఉండె. గందుకే కలిపిన పొట్లం ముట్టలే."

దొన అంటే గుట్ట మీద బండల నడుమ నీళ్ళు నిలిచే గుంట. కట్టెల కోసం పోయినప్పుడు ఆమె లింగయ్య కోసం అక్కడే వండిన జొన్న గటక పెట్టి వచ్చేది. ఆ మాట బయటపడితే లింగయ్య లేడు. మందు మానేస్తే యాదమ్మ లేదు. డాక్టరుకు చెబుదామా అంటే వారానికి రెండుసార్లు ఆయన క్యాంపుకు పోయి సిపాయిలకు మందులిచ్చి, జమేదారుతో చాయ్ తాగి వస్తాడు. మా తాత ఆ రోజు అన్నం సరిగా తినలేదని నాయనమ్మ చెప్పేది.

ఆ రోజు నుంచి ఆయన యాదమ్మ పొట్లంలో వేరు పొడి ఒక్కటే కట్టాడు. బయటికి మాత్రం రెండూ కలిపినట్టే. మూడు వారాల్లో పాదరసం దిగింది. "చూసినవా దేవదాసు, కలిపిస్తే ఎట్ల పని చేసిందో!" అని డాక్టరు సంబరపడ్డాడు. తాత తలూపాడు.

నాలుగో వారం జీపు వచ్చి దవాఖాన ముందు ఆగింది. జమేదారు దిగి, యాదమ్మ దగ్గర గుంజుకున్న పొట్లం బల్ల మీద పడేశాడు.

"ఇందులో నిద్ర మందు ఉందని మీరే అన్నారు. ఆమె ఒకనాడు నిద్రలో ఏదో వాగిందని మా సిపాయి చెప్పాడు. మళ్ళీ నోరు విప్పలేదు. నాకు ఆమె నిద్ర కావాలి."

డాక్టరు పొట్లం విప్పాడు. అంతా గోధుమరంగే, తెలుపు నలుసంత లేదు. తలెత్తి తాతను చూశాడు. తాత గోడకు ఆనుకున్నాడు. ఇక జైలే అనుకున్నాడు.

"మందు పాతబడ్డది, కొత్తది కలిపిస్త," అని డాక్టరు లేచాడు. బీరువాలోకి చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి లూమినాల్ సీసా దాటిపోయి, పక్కన ఉన్న పాలచక్కెర సీసా మీద ఆగింది. చేదు మందుల్లో కలిపే ఉత్త తెల్ల పొడి అది. "నిద్ర మందు," అంటూ వేరు పొడిలో కలిపి ఏడు పొట్లాలు తానే కట్టాడు.

జమేదారు జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం నా చేత్తోనే తినిపిస్తా."

జీపు పోయాక డాక్టరు మండిపడ్డాడు. "నెల రోజులు నన్ను మోసం చేసినవ్! ఆమెకేమన్న అయితే నేను ఏ మందును అనుమానించాలె? నాకెందుకు చెప్పలే?"

"మీరు క్యాంపుకు గూడ డాక్టరేనాయె సార్."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. తాతకు మాత్రం అప్పుడే ఇంకో భయం పట్టుకుంది. "సార్, పొట్లంల తెలుపు కనబడ్తది. పాలచక్కెర అని యాదమ్మకు ఎవరు చెప్పాలె? ఉమ్మేస్తే కొడ్తరు. తింటే తెల్లారేదాకా భయంతోటి కండ్లు మూయదు, నరం చిట్లుతది."

డాక్టరు ఒక్క నిమిషం ఆలోచించి, మందు తినే పద్ధతి చూపించడానికి కాంపౌండరును పంపుతున్నానని చిట్టీ రాశాడు. మా తాత సైకిలెక్కాడు. రెండు గంటల దారిలో కుక్కలు కూడా గుర్తు రాలేదట.

బడి చేరేసరికి ఇంకా వెలుతురుంది. వరండాలో ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. యాదమ్మ ముందు జమేదారు పొట్లం విప్పి నిలబడ్డాడు. ఆమె పళ్ళు బిగబట్టింది, చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి. తాత చిట్టీ ఇచ్చాడు.

"వట్టిగ మింగితే కక్కుకుంటది సాబ్. నాలుక కింద పెట్టుకుని నీళ్ళు తాగాలె. నేను చూపెడ్త."

అని, ఆ ఏడింటిలోనే ఇంకో పొట్లం అడిగి తీసుకుని, ఆమె కళ్ళ ముందే పొడి అంతా నోట్లో పోసుకున్నాడు.

జమేదారు పగలబడి నవ్వాడు. "ఇప్పుడు నువ్వూ ఇక్కడే పడుకుంటావు! మందు ఎంతసేపటికి ఎక్కుతుందో ముందు నీ మీదే చూస్తా."

తాత ఎదురుగా కూర్చుని సైకిలు చైను బిగిస్తున్నట్టు నటించాడు. జమేదారు చూసినప్పుడల్లా తల వాల్చాడు, ఆవులించాడు. అతను అటు తిరగగానే కళ్ళు ఇంత చేసి యాదమ్మనే చూశాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క వేషం కట్టని మనిషి! పావుగంట గడిచింది. యాదమ్మ ఆయన్ని చూసింది, మళ్ళీ చూసింది. తర్వాత చెయ్యి చాపి, "ఇటు తే," అని పొట్లం తీసుకుని తానే తిన్నది.

మళ్ళీ వారం యాదమ్మ దవాఖానకు వచ్చింది. పాదరసం నూట అరవై దగ్గర నిలిచింది. డాక్టరు మొదటిసారి ఆమెను కూర్చోమని, ఏ మందు తింటే ఎట్లా ఉంటోందో అడిగి, అన్నీ విన్నాడు. పోయే ముందు ఆమె తాత బల్ల దగ్గర ఆగింది.

"అన్నా, ఆ రోజు గూడ నిద్రల మాట్లాడిన్నంట."

తాత చేతిలో కాయితం అట్లాగే ఆగింది. "ఏమన్నవ్?"

"'దేవదాసన్నా, కండ్లు మూసుకో, వాడు చూస్తుండు' అన్ననంట. అంతలనే సుగుణ నోరు మూసింది. సిపాయి బీడీ ముట్టిచ్చుకోనీకి అవతలికి పోయిండంట."

మా తాత తక్కెడ ముందుకు లాక్కున్నాడు. ఆమె పొట్లాలు కట్టబోయాడు. ఆ రోజు పొడి సగం నేల మీద ఒలికిపోయింది.