తలుపు లోపలి గీతలు

రాయగడలో మా పక్కింటి బాబాయి రైల్వేలో వ్యాగన్లు తనిఖీ చేసే పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుని అట్టతో జానెడు గూడ్సు రైలు పెట్టెలు చేసేవాడు. లోపల టీ డికాక్షన్‌తో తుప్పు మరకలు వేసి, తలుపు లోపలివైపు గుండుసూదితో గీతలు గీసేవాడు.

"తలుపు మూసేస్తే అవి ఎవరికి కనబడతాయి బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

ఆయన గీయడం ఆపలేదు. "పొట్టంగి ఊరి కూలోడమ్మీ. ఎండకి తాళలేక ఖాళీ వ్యాగన్లో పడుకున్నాడు. ఎవులో సూసుకోకండా తలుపేసీసేరు. సానా దినాలకి ఆ తలుపు తీసింది నేనే. లోపలంతా గోళ్ళతో గీకీసున్నాడు."

తర్వాత ఆ పెట్టెను వెలుతురుకి ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. "ఇలగ లేదు" అంటూ గుప్పిట్లో నలిపేసి, కొత్త అట్ట అందుకున్నాడు.

మేం రాయగడ వదిలేదాకా ఆ ఇంట్లో పూర్తయిన పెట్టె ఒక్కటీ మిగలగా నేను చూడలేదు.