రెండో తట్టలోని పురుగులు

మొన్న ప్రొద్దుటూరులో మా మనవరాలు కుండీలోని నిమ్మమొక్క ముందు చతికిలబడి, "అవ్వా, ఈ గొంగళిపురుగు లేతాకే ఎందుకు తింటాంది?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు. బీయస్సీ చదివినందుకు కాదు, ఒకసారి ఘనంగా తప్పు చేసినందుకు.

సింహాద్రిపురం పక్క పల్లెకు నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది మా అత్త పట్టుపురుగులు పెంచుతుండేది. గుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చిన రోజే ఊళ్లో రెండు పార్టీలవాళ్లు బాంబులు వేసుకున్నారు. మా మల్బరీ తోటేమో ఎదుటి పార్టీ ఇళ్లు దాటాక ఉంది. మగవాళ్లు గడప దాటే పరిస్థితి లేదు. ఆడవాళ్ల జోలికి రారన్న ధైర్యంతో అత్త పొద్దున్నే పోయి ఒడి నిండా చిగుళ్లు కోసుకొచ్చేది. అవి ఒక తట్టకే సరిపోయేవి. రెండో తట్టకు నేను పెరట్లోని ముసలి మల్బరీ చెట్టు ముదురాకు సన్నగా తరిగి వేశాను. "ఏ ఆకైతే ఏముందత్తా, వెనకబడినా తర్వాత అందుకుంటాయి" అన్నాను, పరీక్ష పాసైన ధీమాతో.

మూడు రోజులకు పోలీసులు దిగారు, దారి తెరుచుకుంది. అప్పట్నుంచి రెండు తట్టలకూ ఒకే తోట ఆకు. నేను రోజూ అగ్గిపుల్ల పక్కన పెట్టి కొలిచేదాన్ని. మొదటి తట్టవి పుల్లను దాటిపోయాయి, రెండోవి సగం దగ్గరే ఆగాయి. తినవా అంటే, తింటూనే ఉన్నాయి! తిన్నదంతా ఎక్కడికి పోతోందో నాకు అంతుపట్టలేదు.

పక్కింటామె చూసి, "ఆ గిడసబారినోటిని దిబ్బలో పారెయ్ అక్కా, మంచివాటికి గూడా రోగమొస్తాది" అంది. అందరూ చేసేదీ అదే. అత్త ఆ తట్టను తన వైపు లాక్కుంది.

"మా చిన్నోడు పుట్టినప్పుడు ఈ పార్టీల గొడవకే ఊరిడ్సి జమ్మలమడుగుకు పోతిమి. నాకు పాలు పడక వానికి గంజినీళ్లే తాపితి. ఆనక శానా పెట్టినా వాడు ఎదగల్యా. వాన్ని దిబ్బలో పారేస్తినా?"

మా మరిది వాళ్ల అన్న భుజం దాకా కూడా రాడు. అందరితోపాటు నేనూ అతన్ని పొట్టి మరిదని ఆటపట్టించేదాన్ని. ఆ రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రెండో తట్టవి నాలుగు రోజులు ఆలస్యంగా గూళ్లు కట్టాయి. చిన్నవి, పలచనివి. "కట్టినాయి సూడు మ్మే" అని అత్త మురిసిపోయింది. నేనూ మురిశాను. కానీ తర్వాత ఎంత మంచి ఆకు వేసినా, ఆ మొదటి మూడు రోజులు మాత్రం తిరిగి రాలేదు.