నేను వెళ్ళని ఇంటర్వ్యూ

మా ఇంట్లో దయ్యాల ముచ్చట ఎవరూ ఎత్తేవారు కాదు. మేము చర్చికి పోయే కుటుంబం. మా బాపు కరెంటు ఆఫీసులో హెల్పరు. ఫలానా చోట ఏదో కనబడిందని ఎవరైనా చెబితే, "స్తంభం మీద వైరు లూజుంటే గట్లనే కనబడ్తయి" అని నవ్వేవాడు. నేనూ అలాగే పెరిగాను. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతి అని నేను అనడం లేదు. మరి దేని సంగతి అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఇది నాకు ఎంబీఏ సీటు వచ్చిన సంగతి.

మాది మర్రిగూడ దగ్గర ఒక ఊరు. ఫ్లోరైడు నీళ్ళకు పేరుపడ్డ ప్రాంతం. బాపు ఉద్యోగం కోసం నా చిన్నప్పుడే మేము నల్లగొండకు వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. మా అవ్వ, అంటే నాయనమ్మ, మాత్రం ఊళ్ళోనే పెదనాయన వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆ నీళ్ళు తాగి తాగి ఆమె నడుము పూర్తిగా వంగిపోయింది. మోకాళ్ళు ముడుచుకోవు.

డిగ్రీ అయ్యాక నేను ఎంబీఏ ప్రవేశ పరీక్షకు తయారయ్యాను. మొదటిసారి మంచి కాలేజీ ఏదీ పిలవలేదు. రెండోసారి హైదరాబాదులో ఒక పెద్ద బిజినెస్ స్కూలు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ స్కూలు పేరు చెప్పను. మా కాలేజీ నుంచి అక్కడికి అంతకుముందు ఎవరూ వెళ్ళలేదని మా లెక్చరర్లు అన్నారు. పరీక్ష అంటే నాకు భయం లేదు. మనుషుల ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడాలంటేనే భయం.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే నేనూ బాపూ నల్లగొండలో బస్సెక్కాం. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ఆ రోజుకని నీలం రంగు డ్రెస్సు పక్కన పెట్టుకున్నాను. బయల్దేరేముందు అమ్మ ఇస్త్రీ చేస్తుంటే అది కాలింది. అప్పటికప్పుడు అమ్మ బీరువాలోంచి ఆకుపచ్చ డ్రెస్సు తీసి ఇచ్చింది. ఆ సంగతి మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

చిట్యాల దాటాక బస్సు ఆగిపోయింది. ముందు పత్తి లారీ ఒకటి బోల్తా పడి, మూటలన్నీ హైవేకి అడ్డంగా దొర్లాయట. కదలడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. బాపు దిగి కొంతదూరం పోయి చూసొచ్చాడు. నేను ఆ స్కూలు నంబరుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు. నా ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. ఆ ఫైలును ఛాతీకి అదుముకుని కూర్చున్నాను. నాకు పిలుపు ఉన్న సమయం అలా బస్సులోనే గడిచిపోయింది. ఏడుపు వచ్చింది కానీ బాపు ముందు ఏడవలేదు.

చివరికి ఇద్దరం దిగి, ఆగిన బండ్ల పక్కనే నడిచి, అవతల ఒక ఆటో పట్టుకుని, అక్కడినుంచి ఇంకో బస్సెక్కి నగరం చేరాం. ఆ స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ దాటింది.

లోపల ముందు గదిలో ఒక మేడమ్ కూర్చుని ఉంది. పిల్లల గుర్తింపు కార్డులు చూసి లోపలికి పంపేది ఆమే. నన్ను చూడగానే నవ్వింది.

"మళ్ళీ వచ్చారేంటి కెజియా? ఏమైనా మర్చిపోయారా?"

నాకు అర్థం కాలేదు. లారీ పడి ఆలస్యమైంది, ఇప్పుడైనా లోపలికి పంపండి అని బతిమాలాను. ఆమె నవ్వు పోయింది. నన్ను కిందికీ మీదికీ చూసింది. "మీది పొద్దున్నే అయిపోయింది కదా. మీ సర్టిఫికెట్లు నేనే చూశాను" అంది.

పేరు పొరపాటేమో అనుకున్నాను. ఆమె జాబితా చూపించింది. కెజియా అన్న పేరు ఆ రోజు పిలిచినవాళ్ళలో ఇంకెవరికీ లేదు.

బాపు ముందుకొచ్చాడు. "ఏంది మేడం గిది? మేం గిప్పుడే దిగినం. పిల్ల లోపలికే పోలె, అయిపోయిందంటరేంది?"

తర్వాత నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "సీటు ఇయ్యొద్దనుకుంటే గిట్లనే చెప్తరు బిడ్డా. నువ్వు జర గట్టిగ నిలబడు."

బాపు అనుమానం ఊరికే వచ్చింది కాదు. మా తాత కూలి చేసినవాడు. బాపు బడికి పోయిన రోజుల్లో, సీట్లు అయిపోయాయని చెప్పి మా వాళ్ళను వెనక్కి పంపిన సందర్భాలు ఆయన చాలా చూశాడు. ఆ క్షణంలో నేనూ అదే నమ్మాను. వీళ్ళు నన్ను తప్పించుకోవడానికే ఇలా అంటున్నారని.

మేడమ్ విసుక్కుని కంప్యూటర్ మా వైపు తిప్పింది. పొద్దున వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ బల్ల ముందే నిలబెట్టి ఫోటో తీస్తారట. తెర మీద నేను ఉన్నాను. దరఖాస్తుకు పంపిన పాత ఫోటో కాదు. వెనకాల ఆ గది గోడే. ఒంటి మీద ఆకుపచ్చ డ్రెస్సు, అదే చున్నీ. నా జుట్టు ఎప్పుడూ కుడివైపు లేస్తుంది. అందులోనూ లేచింది.

బాపు తెరకు మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ తెరను చూశాడు.

ఈ గొడవకు లోపలినుంచి ఒక పెద్దాయన బయటికి వచ్చారు. ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసర్లలో ఆయన ఒకరు. నన్ను చూసి ఎంతో తెలిసినట్టు, "నువ్వింకా వెళ్ళలేదా అమ్మా?" అన్నారు. నేను ఆయన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. జరిగింది చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, జాలి ఉంది. బాపుతో అన్నారు, "కొందరికి ఇంటర్వ్యూ భయం వల్ల తర్వాత ఏదీ గుర్తుండదు. మీ అమ్మాయి చాలా బాగా మాట్లాడింది. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టండి, పడుకోనివ్వండి."

"భయం పిల్లకైతే, మరి నాకేమైంది సార్?" అన్నాడు బాపు. "నేను గూడ బస్సులనే ఉన్న గద."

మళ్ళీ ఒకసారి ఇంటర్వ్యూ చేయమని నేను అడిగాను. ఒకరికి రెండుసార్లు చేయడం కుదరదన్నారు.

సాయంత్రం బస్సుకు నల్లగొండ తిరిగొచ్చాం.

కొన్ని వారాల తర్వాత ఫలితం వచ్చింది. సీటు వచ్చింది.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. దేవుడే దూతను పంపిండు అని ఆమె నమ్మకం. నేను కాదనలేదు కానీ, దూత అయితే నా చున్నీ వేసుకుని రావడమెందుకు అని లోపల అనిపించింది. బాపు మిఠాయి ముట్టలేదు. నా పేరు మీద ఎవరో ఆ కుర్చీలో కూర్చున్నారు, ఎందుకు కూర్చున్నారు, రేపు ఏం అడుగుతారు? ఆయన మనసంతా అదే. డబ్బులడిగే ఫోన్ వస్తుందని చాలా రోజులు ఎదురు చూశాడు. తెలియని నంబరు మోగితే నన్ను ఎత్తనిచ్చేవాడు కాదు. ఏ ఫోనూ రాలేదు.

నా పోలికలున్నది మా బంధువుల్లో ఒక్కతే. మా చిన్నమ్మ బిడ్డ రేచల్. మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో నర్సు. నేను ఆమెను అనుమానించాను. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు, ధైర్యమూ ఎక్కువే. నేను భయస్తురాలినని తెలిసి తమాషాకో, ప్రేమకో ఇలా చేసిందేమో అనుకున్నాను. ఫోన్ చేసి చుట్టూ తిప్పి అడిగాను. ఆమెకు వెంటనే అర్థమైంది.

"నీ మీద కోపమొస్తలేదక్కా, నవ్వొస్తాంది," అంది. "గా రోజు పొద్దంత డ్యూటీల ఉన్న. నమ్మకపోతే వచ్చి అడుగు." గొంతులో నవ్వు లేదు.

బాపు నిజంగానే మహబూబ్‌నగర్ వెళ్ళి అడిగి వచ్చాడు. ఆమె చెప్పింది నిజమే. ఆ తర్వాత రేచల్ మా ఇంటికి రావడం తగ్గించింది. ఆ దూరం ఇంకా పూడలేదు.

చేరే రోజు బాపు నాతో వచ్చాడు. నేను లోపలికి వెళ్ళాక ఆయన గేటు ఎదురుగా రోడ్డు అవతల నిలబడ్డాడు. ఆ రోజు ఎండ బాగా ఉంది. లోపలికి వెళ్ళే ప్రతి ఆడపిల్ల మొహాన్నీ చూస్తూ నిలబడ్డాడట. ఆ సీటు నాది అంటూ ఇంకో కెజియా వస్తుందని ఆయన లెక్క. వాచ్‌మన్ వచ్చి ఎవరు నువ్వని రెండు మూడుసార్లు గద్దించాడు. బాపు కదల్లేదు. సాయంత్రం నేను బయటికి వస్తే చెమటతో అంగీ తడిసిపోయి ఉంది.

"ఎవలు రాలె బిడ్డా," అన్నాడు. అది సంతోషమో భయమో నాకు తెలియలేదు.

చదువు మొదలైంది. కష్టంగానే ఉండేది, అయినా మార్కులు బాగానే వచ్చాయి. ఆ మార్కులు నావే. రాత్రింబవళ్ళు చదివి తెచ్చుకున్నవి. కానీ ఎవరైనా "నిన్న నిన్ను క్యాంటీన్‌లో చూశాను" అంటే, నేను నిన్న క్యాంటీన్‌కు వెళ్ళానా అని ముందు గుర్తు చేసుకునేదాన్ని. వెళ్ళి ఉంటేనే మనసు నెమ్మదించేది.

ఇంతవరకే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. ప్రొఫెసర్ అన్నట్టు అంతా ఒత్తిడి అనో, ఎక్కడో పొరపాటు అనో సర్దుకునేదాన్ని.

రెండో ఏడాది ఆ పెద్దాయనే మాకు ఒక సబ్జెక్టు చెప్పారు. ఒకరోజు క్లాసు అయ్యాక మెట్ల దగ్గర ఆపి, "మీ నాయనమ్మ ఎలా ఉన్నారమ్మా?" అని అడిగారు. బాగానే ఉందన్నాను. ఇంటర్వ్యూలో ఆమె గురించి నేను చెప్పిన సంగతి తన ఇంట్లో అందరికీ చెప్పారట, ఆయన భార్య కళ్ళ నీళ్ళు పెట్టుకుందట.

నేనేం చెప్పానో నాకు తెలియదు కదా. తెలివిగా, "ఏది సార్, ఏ సంగతి?" అన్నాను.

ఆయన చెప్పారు. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఊరి బోరు నీళ్ళు తాగకుండా అవ్వ కాపాడిందట. ఊరవతల ఒక పటేలు చేనులో మంచినీళ్ళ బావి ఉండేది. మా వాళ్ళను దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ అవ్వ వెళ్ళి దొంగతనంగా నీళ్ళు తోడుకొచ్చేదట. రాళ్ళకు తగిలి చప్పుడు కాకుండా బిందె చుట్టూ పాత చీర పేలిక కట్టేదట. నీళ్ళ ట్యాంకర్ వచ్చిందని కోడలికి అబద్ధం చెప్పేదట.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ కథ నేను ఎన్నడూ వినలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. నేను కడుపులో ఉన్నప్పుడు ఏ నీళ్ళు తాగావని అడిగాను. "ట్యాంకర్ నీళ్ళే. మీ అవ్వనే పట్టుకొస్తుండె," అంది అమ్మ మామూలుగా.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళాను. అవ్వ అరుగు మీద ఎండకు కూర్చుని ఉంది. పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతూ నెమ్మదిగా అడిగాను: "అవ్వా, పటేలు బాయి నీళ్ళు తెస్తుంటివా?"

అవ్వ నా చేతులు పక్కకు తోసింది.

"గా ముచ్చట నీకెవలు చెప్పిండ్రు?"

నేను మళ్ళీ ఆమె కాలు మీద చేయి వేశాను.

"మీ తాతకు గూడ చెప్పలె. తెలిస్తే మీ బాపును కొడ్తరని ఎవలకు చెప్పలె. నాకు ఎరుక, గా బాయికి ఎరుక." ఆమె నా చేయి పట్టుకుంది. "ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

బిందెకు పేలిక కట్టేదానివా అని అడిగాను. అవ్వ చాలాసేపు నా మొహంలోకి చూసింది. వంగిన నడుముతో తల పైకెత్తడం ఆమెకు కష్టం. అయినా ఎత్తి చూసింది. తర్వాత చేయి చాపి నా చెంప, చెవి, జుట్టు తడిమింది. కొత్త మనిషిని తడిమినట్టు తడిమింది.

"నువ్వు మా కెజమ్మవేనా?" అంది.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నేనే అవ్వా అన్నాను.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. పట్టా నా పేరు మీద ఉంది, చదివింది నేను. ఆ ఉదయం ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో, ఆమెకు మా అవ్వ దాచిన మాట ఎలా తెలిసిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలలేదు. బాపు దాని గురించి మాట్లాడడం మానేశాడు.

అవ్వ ప్రేమలో లోటేమీ లేదు. నేను వస్తున్నానంటే కోడిని కోయించి పెడుతుంది. కానీ ఊరికి వెళ్ళినప్పుడల్లా వాకిట్లోనే ఆపి నన్ను కాసేపు మాట్లాడిస్తుంది. గొంతు విని, మొహం చూసి, అప్పుడు దగ్గరికి రమ్మంటుంది.