చెల్నీ చలికి తలవంచని హాపర్

1978 జనవరి. మిషిగన్‌లో, నోవై దగ్గర ఒక చిన్న కంపెనీలో నేను డిజైన్ ఇంజనీర్‌ని. ఫౌండ్రీలకు, అంటే ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానాలకు, హాపర్లు తయారుచేసేవాళ్ళం. హాపర్ అంటే పోత అచ్చులకు వాడే ఇసుకను పైన పోస్తే కిందికి వదిలే పెద్ద ఇనప గరాటా. అప్పుడు చేస్తున్నది రష్యాలో కామా నది ఒడ్డున ఉన్న నాబెరెజ్నియే చెల్నీకి, అక్కడి ట్రక్కుల ఫ్యాక్టరీకి వెళ్ళాలి. పరీక్షించి సంతకం పెట్టడానికి అక్కడి ఇంజనీర్ గలీనా వచ్చింది.

షెడ్డులో వెచ్చగా, పొడి ఇసుకతో టెస్ట్ చేశాం. అందరూ చేసేది అలాగే. ఇసుక జలజలా రాలింది. గలీనా మాత్రం పెన్ను తీయలేదు.

"మీ ఊరు ఎలా ఉంటుంది?" అని అడిగాను. అంతే, ఆవిడ మొహం వెలిగిపోయింది. మొన్నమొన్నటి దాకా చిన్న ఊరేనట. ఇప్పుడు ఎటు చూసినా కొత్త మేడలు, క్రేన్లు. దేశం నలుమూలల నుంచీ కుర్రకారు వచ్చి కడుతున్నారట. చలికాలం కామా మీద నడిచి వెళ్ళి, మంచుకు కన్నం పెట్టి చేపలు పడతారట.

"మరి ఇసుక?"

"వ్యాగన్లలో తడిగా వస్తుంది, దారిలోనే చలికి గడ్డకట్టి రాయవుతుంది. ఇది ఇరుక్కుంటే పోత ఆగుతుంది, ట్రక్కులు ఆగుతాయి. సంతకం నాది. అడిగేది నన్నే."

మా మేనేజర్ ప్రసాదరావు గారు నన్ను పక్కకు పిలిచారు. "ఏమ్మా సుశీలా, కాంట్రాక్ట్‌లో డ్రై శాండ్ అనే ఉంది కదా! లేనిపోని తలనొప్పి ఎందుకు? మంత్ ఎండ్‌కి షిప్ చేయాలి."

నాకు ఒళ్ళు మండింది. "అక్కడ జామ్ అయితే ఆవిడ ఉద్యోగం పోతుంది సార్. బయట బోలెడంత స్నో ఊరికే పడి ఉంది, అందులో టెస్ట్ చేద్దాం. తిట్టాలంటే తర్వాత నన్ను తిట్టండి."

హాపర్‌ని పార్కింగ్ లాట్‌లోకి తెచ్చాం. తడి ఇసుకను బయటే గడ్డకట్టనిచ్చి, పొద్దున్నే పోశాం. ఒక్క రేణువు రాలితే ఒట్టు! ప్రసాదరావు గారు నన్ను కొరకొరా చూశారు.

పైన గడ్డలు నలిపే పళ్ళున్న రోలర్, గోడల చుట్టూ వేడి ఆవిరి తిరిగే ఇనప తొడుగు బిగించాం. అది పూర్తయ్యేదాకా వెల్డర్లతో పాటు నా భోజనం కూడా షెడ్డులోనే. మళ్ళీ పోశాం. గడ్డలు పటపటా విరిగి, ఇసుక ధారగా దిగింది. గలీనా కేకపెట్టి నన్ను వాటేసుకుంది. మంచులో నిలబడే సంతకం చేసింది.

"శభాషమ్మా! ఇది మన క్యాటలాగ్‌లో పెట్టేద్దాం," అన్నారు ప్రసాదరావు గారు, ఐడియా తనదే అయినట్టు. పోనీలే పాపం అనుకున్నాను. అంత సంబరంగా ఉంది నాకు.

యంత్రం నడవాల్సింది మన షెడ్డులో కాదు, వాళ్ళ ఊళ్ళో. అందుకే ఆ తర్వాత ఏ ఆర్డరు వచ్చినా, కొలతల కంటే ముందు ఊరి గురించి అడిగేదాన్ని. మరుసటి చలికాలం గలీనా నుంచి టెలెక్స్ వచ్చింది: "కామా గడ్డకట్టింది. ఇసుక ఆగలేదు." ఆఫీసంతా వినేలా రెండుసార్లు చదివాను.