గడప దగ్గర కూర్చున్న ఉపదేశి

మా ఉపదేశి తాత చనిపోయాడన్న కబురు మా అత్తమ్మ తెచ్చింది. ఈస్టర్ పండుగ వెళ్లిన రెండో వారం, బుధవారం పొద్దున. నేను కల్లంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోస్తున్నాను. అత్తమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి నా ముందు నిలబడింది.

"ఇగ లేడే పిల్లా, మన ఉపదేశి. చాయ తాగిండట. గ్లాసు కింద పెట్టి, గట్లనే గోడకు ఒరిగిండట."

నేను పసుపు చేతులతోనే ముఖం కప్పుకున్నాను. ఆ రోజు ఆయన ఇంటి ముందు కూర్చున్నంతసేపూ నా చెంపల మీద ఆ రంగు అలాగే ఉంది. ఎవరూ కడుక్కోమని చెప్పలేదు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ మా ఊరిలో ఆదివారాలు ఎవరి వల్ల నడిచాయో మీకు తెలియాలని రాస్తున్నాను.

మాది కథలాపూర్ దగ్గరి చిన్న ఊరు. కతోలికుల ఇండ్లు పదమూడు. మా విచారణ గుడి, అంటే చుట్టూ ఉన్న చిన్న గుళ్లన్నిటికీ పెద్దది, కోరుట్లలో ఉంది. అక్కడి ఫాదర్ చేతి కింద మా వంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, నెలకు ఒక్క ఆదివారమే మా చిన్న గుడికి వచ్చి పూజ చేస్తారు. మిగతా ఆదివారాలన్నీ ఉపదేశి తాతవే. వాక్యం చదవడం, ప్రార్థన నడపడం, పిల్లలకు జపాలు నేర్పడం, మంచం పట్టిన వాళ్ల ఇండ్లకు పోవడం అన్నీ ఆయనే. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, పెండ్లి కుదిరినా, సైకిలెక్కి బస్సు రోడ్డు దాకా పోయి, అక్కడ సైకిలుకు తాళం వేసి, కోరుట్ల పోయి ఫాదర్‌కు చెప్పి వచ్చేవాడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటే, "పుట్టిన ముచ్చట ఫోన్ల చెప్తరా? మనిషి పోయి చెప్పాలె" అనేవాడు.

నేను సిరిసిల్ల పిల్లను. మా నాన్న సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడులోనే పెరిగాను. చిన్నప్పటి నుంచి గుడికి పోయేదాన్నే గానీ, మేత్రాణులు అంటే ఫాదర్లందరికీ పెద్దయిన బిషప్పు అనీ, పీఠం అంటే ఆయన కుర్చీ, దాని కింది ఊళ్లన్నీ అనీ నాకు అప్పుడు తెలియదు. పెండ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, పిల్లల జపం క్లాసు జరుగుతుంటే తలుపు చాటున నిలబడి విన్నాను. తాత నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"గిది పెద్దకాలువ. గీడ మేత్రాణులుంటరు. దీంట్లకెల్లి కోరుట్లకు ఒక కాలువ. గాడ ఫాదర్ ఉంటడు. కోరుట్లకెల్లి మన ఊరికి పిల్లకాలువ. గది నేను. ఆఖరుకు గీ మడి."

"మడి ఎవలు తాతా?" అని ఒక పిల్ల అడిగింది.

"నువ్వే. నీ ఎనుక తలుపు సాటుకు నిలవడ్డది సూడు, మీ చిన్నమ్మ, గామె గూడ."

పిల్లలందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం నన్ను చూడకుండానే చెప్పుకుంటూ పోయాడు. "పెద్దకాలువ నిండుగ పారుతనే ఉంటది. గది సూసి మురువద్దు. ఆఖరి మడి తడిసిందా లేదా, గది సూడాలె."

ఆ మాట తరువాత ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను.

మేత్రాణుల దగ్గరి నుంచి అప్పుడప్పుడు లేఖ వస్తుంది. పీఠంలోని ప్రతి గుడిలోనూ దాన్ని ఆదివారం చదవాలి. అది పుస్తకాల భాషలో ఉంటుంది. తాత దాన్ని నిలబడి, ఒక్క అక్షరం మార్చకుండా చదివేవాడు. అయిపోయాక మడిచి జేబులో పెట్టుకునేవాడు. మూలనున్న చెక్క స్టూలు ముందుకు జరుపుకుని కూర్చునేవాడు. "ఇగ మన మాటల మాట్లాడుకుందాం" అనేవాడు. మేమందరం ఎదురుచూసేది దానికోసమే.

ఒకసారి లేఖలో కుటుంబాలు ఒకరినొకరు క్షమించుకోవాలని ఉంది. తాత స్టూలు మీద కూర్చుని, "అంటే ఏందంటే, బోరు కాడ కొట్లాడుకొని అన్నదమ్ములు మాట్లాడుకుంటలేరు గద, ఆళ్లకు మేత్రాణులు కబురు పంపిండ్రు" అన్నాడు. ఆ అన్నదమ్ములు ఇద్దరూ అక్కడే, ఒకరు ఈ గోడకు, ఒకరు ఆ గోడకు కూర్చుని ఉన్నారు.

పెద్దవాడు లేచాడు. "మా బోరు ముచ్చట మేత్రాణులకు ఎవలు చెప్పిండ్రు?"

"నీ పేరు రాయలేదు తియ్యి. సంగతి నీదే" అన్నాడు తాత.

గుడి అంతా నవ్వింది. ఆఖరుకు చిన్నవాడు కూడా నవ్వాడు. ఈ మాటలన్నీ నేను ఫోన్లో రికార్డు చేసి మస్కట్‌లో ఉన్న మా ఆయనకు పంపేదాన్ని. ఆయన తన గదిలోని మన ఊళ్ల వాళ్లకు వినిపించేవాడు.

మూడేండ్ల కింద తాత కండ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు ఆనలేదు. ఒక ఆదివారం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు సదువు బిడ్డా."

నేను లేచి నిలబడ్డాను. ఏం చదివానో నాకే తెలియదు. ముందు వరుసలో మరియవ్వ ఉంటుంది. మా ఊళ్లో అందరికన్నా పెద్దది, చెవులు సరిగా వినిపించవు, మాట మాత్రం దాచుకోదు. "గిది సదువుతున్నదా, దూప అయి పెదవులు తడుపుకుంటున్నదా?" అంది. అందరూ నవ్వారు. నేను పుస్తకం అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను.

సాయంత్రం తాత మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"సాంచాల నడుమ పుట్టినవ్. గంత సప్పుడుల మీ అమ్మను ఎట్ల పిలిచేదానివి?"

"సైగ చేసేదాన్ని తాతా."

"గట్లనా! మరి దేవునికి గూడ సైగ చేస్తవా?"

లోపల అత్తమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

తరువాతి ఆదివారం మళ్లీ నేనే చదివాను. ఆయన ముందు వరుసలో కూర్చోలేదు. నడుమకు పోయాడు. కొన్ని వారాలకు ఆఖరి వరుసకు పోయాడు. ఆ తరువాత గడప మీదికి పోయాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అక్కడే కూర్చునేవాడు. వినబడకపోతే భుజం మీది తువ్వాల తీసి పైకెత్తేవాడు. నేను గొంతు పెంచేదాన్ని. తువ్వాల దిగేది. బయట ట్రాక్టర్ పోతే మళ్లీ లేచేది. నన్ను ఒక్కసారి కూడా "గట్టిగ సదువు" అనలేదు. ఒక ఆదివారం మొదటి నుంచి చివరి దాకా తువ్వాల లేవలేదు. ఆ రోజు ఇంటికి పోతుంటే నాకు కాళ్లు నేల మీద ఉన్నట్టు అనిపించలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెప్తున్నాను.

కానీ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా మేత్రాణులు వయసు మీదపడి బాధ్యత దిగిపోయారు. కొత్తవారు వచ్చేదాకా పీఠం ఖాళీగా ఉంది. అంతవరకు చూసుకోవడానికి ఒక పెద్ద ఫాదర్‌ను పెట్టారు. మా ప్రార్థనలో పోపుగారి పేరు, మేత్రాణుల పేరు చెప్పి వాళ్ల కోసం వేడుకుంటాం. పీఠం ఖాళీగా ఉన్నప్పుడు మేత్రాణుల పేరు చెప్పకూడదు. నాకు ఆ సంగతి తాత చెప్పాడు కూడా. అయినా కోరుట్ల ఫాదర్ వచ్చిన ఆదివారమే అలవాటు కొద్దీ పాత పేరు చదివేశాను. ఫాదర్ నెమ్మదిగానే సరిచేశారు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయి, ఇక చదవనని పుస్తకం తిరిగి పంపించాను.

తాత ఆ పుస్తకం పట్టుకుని మళ్లీ మా అరుగు మీదికి వచ్చాడు.

"నేను పడుసోన్ని ఉన్నప్పుడు పోపు సచ్చిపోతే, మనకు కబురు రాక ఆయన ఆరోగ్యం కోసం మూడు వారాలు ప్రార్థన చేయించిన. నాకంటె నువ్వు నయం."

"అందరి ముందట తప్పు చదివిన తాతా. నా తోని కాదు."

"పాత మేత్రాణుల కోసం ఒక ప్రార్థన ఎక్కువ పోయింది. ఆయనేం వద్దంటడా?" అని పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. తరువాత, "ఒక పని చెయ్యి. పేరు వచ్చేకాడ ఆగు. ఒక్క శ్వాస తీసుకో. తీసుకొని ముందుకు పో. గా జాగ ఖాళీగ ఉన్నదని మనకు యాదికుంటది" అన్నాడు.

ఆ వారం నుంచి మా గుడిలో అదే పద్ధతి అయింది. నేను పేరు దగ్గర ఆగితే అందరూ ఆగేవాళ్లు. పిల్లలు కూడా. బయట కోళ్ల చప్పుడు వినిపించేది.

కొత్త మేత్రాణుల పేరు ప్రకటించారని ఫోన్లలో వచ్చినప్పుడు నేను పరుగున పోయి తాతకు చెప్పాను. ఈ ఆదివారం చదవనా అని అడిగాను. "కుర్చీల కూసోనియ్యి బిడ్డా. కూసున్నంక సదువుదాం. గప్పుడు నేను గడపల ఉండి వింట" అన్నాడు. కొత్తవారు పీఠం ఎక్కే రోజుకు ఇంకా వారం ఉందనగా ఆయన పోయాడు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక కోరుట్ల ఫాదర్ మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆయన కండ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఉపదేశి లేకుండా చిన్న ఊళ్లలో ఆదివారం నడపడం కష్టమని, కొత్త ఉపదేశి దొరికేలా లేడని, మా గుడి మూసి అందరూ కోరుట్లకే వస్తే మంచిదేమోనని అన్నారు. జగిత్యాలలో చుట్టుపక్కల విచారణల పెద్దల సమావేశం ఉంది, అక్కడ నిర్ణయిస్తారు, మీ ఊరి నుంచి ఎవరైనా రండి అన్నారు. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను వస్త ఫాదర్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మరియవ్వ నాతో బయలుదేరింది. బస్సులో దారి పొడుగునా, "గాడ పోయి పెదవులు తడుపుకున్నవనుకో, నేను ఊకోను" అని బెదిరించింది.

సమావేశంలో ఫాదర్లు, సిస్టర్లు, ఊళ్ల పెద్దలు నిండుగా ఉన్నారు. మా ఊరి పేరు పిలిచారు. మరియవ్వ నా నడుము మీద పొడిచింది. నిలబడ్డాను. నా చూపు అలవాటుగా తలుపు దగ్గరికి పోయింది. అక్కడ ఎవరూ లేరు. అయినా గొంతు పెంచాను.

"ఫాదర్, మాది ఆఖరి మడి. నీళ్లు తక్కువున్నయని మడి తీసేస్తరా? కోరుట్లకు బస్సుంది, వచ్చేటోళ్లం వస్తం. నడువలేనోళ్లు ఏం చెయ్యాలె? మా మరియవ్వ..."

"నేను మంచిగనే నడుస్త!" అని మరియవ్వ గట్టిగా అంది. అందరూ నవ్వారు. నేను ఆగలేదు.

"తలుపు ఒక్కసారి మూస్తే మళ్లీ తెరిచేటోళ్లు ఉండరు. మూడేండ్ల సంది వాక్యం నేనే చదువుతున్న. ప్రార్థన గూడ మేమే నడుపుతం."

వెనక నుంచి ఒక పెద్దమనిషి, "మీ ఊర్ల మగోళ్లు లేరా అమ్మా?" అని అడిగాడు.

"సగం మంది గల్ఫ్‌ల ఉన్నరు. మేం ఈడనే ఉన్నం."

సమావేశం నడుపుతున్న పెద్ద ఫాదర్ కాసేపు మా ఫాదర్‌తో మాట్లాడారు. క్రిస్మస్ దాకా మీరే నడపండి, ఆ తరువాత కొత్త మేత్రాణులే మీ ఊరికి వచ్చి చూసి నిర్ణయిస్తారు అన్నారు. అంతే. గుడి ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు. వెళ్లేటప్పుడు మా ఫాదర్ ఒక కవరు నా చేతికిచ్చారు. కొత్త మేత్రాణుల మొదటి లేఖ. ఆయన పీఠం ఎక్కిన తరువాతి ఆదివారం అన్ని గుళ్లలో చదవాలి.

ఆ ఆదివారం నేను పోయేసరికే మరియవ్వ వచ్చి ఉంది. ముందు వరుసలో కాదు. గడప మీద కూర్చుంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. "ఈడ గాలి మంచిగ అస్తున్నది" అంది. నేను లోపలికి పోయి పుస్తకం తీశాను.

ప్రార్థనలో పేరు వచ్చే చోట అలవాటుగా ఆగాను. అందరూ ఆగారు. తరువాత కొత్త మేత్రాణుల పేరు చదివాను.

లేఖ నిలబడి, ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. అయిపోయాక మడిచాను. నాకు జేబు లేదు, బైబిలులో పెట్టాను. స్టూలు మూలనే ఉంది. తాత పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు, పైన సన్నగా దుమ్ము ఉంది. కొంగుతో తుడిచి, ముందుకు జరుపుకుని, దాని అంచు మీద కూర్చున్నాను.

"ఇగ మన మాటల మాట్లాడుకుందాం" అన్నాను.

గడప మీద మరియవ్వ, భుజం మీది కొంగు తీసి పైకెత్తింది.