చీటీ అడగని తప్పు

నాంపల్లిలో మందుల షాపాయన మొన్న ఆదివారం పొద్దున, చర్చికి తయారవుతూ చనిపోయారు. గుండె ఆగిందట. షాపు పక్క చాయ్ హోటలతను ఫోన్ చేసి చెప్పాడు. నాకు మాటలు తక్కువ. ఏమీ అడగకుండా ఫోన్ పెట్టేశాను. రాయడమూ అలవాటు లేదు. మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆగినవాణ్ని. కానీ ఆయన సంగతి నలుగురికీ తెలియాలనిపించింది.

నేను ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీ చేశాను. రిటైరయ్యాక నిద్ర పట్టలేదు. డాక్టరు పదిహేను రోజులకని నిద్రగోలీలు రాశాడు. నేను రెండేళ్లు మింగాను. ఒకటి రెండైంది, రెండు మూడైంది. మత్తంటే కల్లు, గంజాయి అనుకునేవాణ్ని. డాక్టరు రాసిన గోలీ కూడా మనిషిని పట్టుకుంటుందని తెలియదు.

అలాంటి మందు ఇస్తే షాపాయన డాక్టరు చీటీ మీద తేదీ వేసి ముద్ర కొట్టేవారు, దాంతోనే మళ్లీ కొనకుండా. ఎవరైనా గొడవపడితే, "తిట్టు, పర్వాలే. చీటీ లేంది ఇయ్య" అనేవారు. నన్ను మాత్రం చీటీ అడగలేదు. రోజూ ఒక చాయ్ ఇద్దరం పంచుకునేవాళ్లం మరి.

ఒకరోజు అలా తాగుతూనే తూలి, చాయ్ ఒంటిమీద ఒంపుకున్నాను.

"ఎన్ని మింగుతున్నవ్ అన్నా?"

"ఒకటే."

"నా షాపుల కొని నాకే అబద్ధం చెప్తవా?"

"మూడు."

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టారు. "తప్పు నాది. మనోడివని చీటీ అడగలే" అన్నారు.

రేపటి నుంచి ముట్టనన్నాను.

"గట్ల చెయ్యకు. ఒక్కపారి బంద్ చేస్తే ఫిట్స్ రావచ్చు, పాణం మీదికొస్తది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగ తగ్గించాలె."

"సిగ్గైతుంది."

"షుగరున్నోడు సిగ్గుపడ్తడా? ఇది గూడ బీమారే."

మరునాడు షాపు మూసి నన్ను దవాఖానకు తీసుకెళ్లారు. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టే గోలీని బ్లేడుతో సగం, పావు చేసి, వారానికోసారి పొట్లాలు కట్టి ఇచ్చేవారు. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి అఫ్జల్‌గంజ్ వెళ్లి దొంగతనంగా కొన్నాను. చెబితే తిట్టలేదు. "చెప్పినవ్ గదా, మంచిగైంది. మళ్ల మొదలు పెడదాం" అన్నారు.

సోమవారం సమాధుల తోటలో అందరి వెనక నిలబడ్డాను. ఇంకో ఐదారుగురు కూడా అలాగే వెనక, ఒకరికొకరు తెలియనట్టు నిలబడి ఉన్నారు. నా పక్కనతనికి నలభై ఉంటాయేమో. సమాధిలో వేయడానికి గుప్పెడు మట్టి తీసుకున్నాడు.

"దగ్గుమందు అలవాటైంది పెద్దాయనా," అన్నాడు, నా వైపు చూడకుండా. "గురువారం ఆయన దవాఖానకు తోలుకపోతా అన్నడు. ఇగ ఎవరున్నరు?"

నేను అతని వైపు తిరిగాను.

"నేనొస్తా" అన్నాను. "పొద్దున తొమ్మిదింటికి. నాంపల్లి స్టేషన్ ముంగట నిలబడు."

తల ఊపాడు. జనం ఒక్కొక్కరే గేటు వైపు కదిలారు. అతని పిడికిలిలో మట్టి ఇంకా అలాగే ఉంది.